ఒత్తుకు చోటు

పరిపాలన భవనంలో మేడమెట్ల పక్కన పొడుగాటి గోడ ఒకటి ఉంది. దాని మీద వరసగా చెక్క పలకలు. ఒక్కో పలక మీద ఒక మనిషి పేరు, పేరు కింద ‘స్మారక నిధి’ అని రెండు మాటలు. ఎవరో పోతారు. వాళ్ల పేరున ఇంటివాళ్లో శిష్యులో విశ్వవిద్యాలయంలో కొంత సొమ్ము వేస్తారు. అసలును ముట్టుకోకుండా, వడ్డీతో ఏటా ఒక విద్యార్థికి ఫీజు కడతారు. పలక సంగతి అంతే. అక్కడ నిలబడి పేర్లు చదివేవాళ్లు తక్కువ. చెక్కింది ఎవరని అడిగినవాళ్లను నేనైతే చూడలేదు.

చెక్కింది మా మేస్త్రి. వెనక వైపు రేకుల షెడ్డులో ఉన్న వడ్రంగి వర్క్‌షాపు ఆయనది. ఆయనది అంటే కాగితాల మీద కాదు. విరిగిన కుర్చీ పట్టుకొచ్చినవాళ్లు “మేస్త్రి ఉన్నాడా” అని అడిగేవారు తప్ప వర్క్‌షాపు తెరిచి ఉందా అని అడిగేవారు కాదు. పాలిష్ పని నాది. నన్ను ఆయన పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. “పాలిషూ” అనేవాడు.

బడి చదువు ఆయనకు పెద్దగా లేదు. దాని గురించి ఎవరైనా జాలిగా మాట్లాడితే ఒప్పుకునేవాడు కాదు. “బడికి పోయినన్నాళ్లూ కడుపునొప్పితోనే పోయాను. ఉలి పట్టాక నొప్పి పోయింది” అనేవాడు. కాగితం మీద రాస్తే కోడి గెలికినట్టు ఉండేది. చెక్క మీద మాత్రం ఆయన అక్షరం చూస్తే ఎక్కడా ఉలి ఆగిన జాడ దొరకదు. మన అక్షరం అంతా వంపే. తిన్నని ఉలితో తలకట్టు ఒక్కటే వస్తుంది, మిగతాదానికి వంపు ఉలులు కావాలి. బజారులో దొరికేవి సరిపోక, ఇనుము రాకే ఆకురాళ్లు అరిగిపోతే వాటిని కాల్చి సాగగొట్టి తనకు కావలసిన వంపులు తనే చేసుకున్నాడు. వంపు తిరిగే చోట చెక్క నార ఎదురొస్తుంది. అక్కడ తొందరపడితే పెచ్చు లేస్తుంది. ఆయన ఉలి ఎత్తి, బల్ల చుట్టూ నడిచి, అవతలి వైపు నుంచి మొదలుపెట్టేవాడు. పలకను తిప్పితే పని త్వరగా అవుతుంది కదా అన్నాను ఒకసారి. “పలక తిరిగితే అక్షరం తల తిరుగుతుందిరా. నేను తిరిగితే నా కాళ్లే నొప్పెడతాయి” అన్నాడు.

ఆయనకు ఒక చెల్లెలు. తల్లి ముందు, తండ్రి తర్వాత పోతే వీళ్లిద్దరే మిగిలారు. మేస్త్రికి ఇక్కడ పని దొరికేనాటికి ఆ పిల్ల చిన్న తరగతిలో ఉందట. బడి వదలగానే తిన్నగా వర్క్‌షాపుకు వచ్చి బల్ల చివర ఎక్కి కూర్చునేది. కాళ్లు నేలకు అందేవి కాదు. పనికిరాని చెక్క ముక్కల మీద వడ్రంగి పెన్సిలుతో లెక్కలు చేసేది. ముక్క నిండిపోతే అన్న ఒకసారి చిత్రిక పట్టి ఇచ్చేవాడు, మళ్లీ కొత్త పలక. రాలిన చెక్కపొట్టంతా ఇంటికి పట్టుకెళ్లి పొయ్యి కింద వేసేవాళ్లు. పెద్దయ్యాక ఆవిడ అందరితో అనేది: “నా చదువంతా మా అన్నయ్య పొయ్యిలో పెట్టాడు.”

ఆ పిల్లే ఈ విశ్వవిద్యాలయంలో లెక్కల ప్రొఫెసరు అయింది. మేమందరం ప్రొఫెసరమ్మ అనేవాళ్లం. మేస్త్రి మాత్రం ‘పిట్ట’ అనేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే “కుదిరినప్పుడు తీరిక లేదు, తీరినప్పుడు కుదరలేదు” అని నవ్వేసేది. పెద్ద పెద్దవాళ్లతో కలిసి వరండాలో నడిచి వస్తూ, ఎదురుగా నిచ్చెన మోసుకొస్తున్న మేస్త్రి కనిపిస్తే అందరి ముందూ “అన్నయ్యా” అని పిలిచేది. ఆయన నిచ్చెన దించి, చేతులు కట్టుకుని, “చెప్పండి మేడమ్ గారూ” అనేవాడు, ఏడిపించడానికే.

“ఇంకోసారి మేడమ్ అంటే వదినకి చెప్తా.”

“చెప్పు. కోపమొస్తే మీ వదిన నన్ను సారు అంటుంది. అలవాటే.”

మేస్త్రికి పదవీ విరమణ అయి ఏళ్లు గడిచినా పలక పని వస్తే ఆయన్నే పిలిచేవారు. ఇంకెవరికీ చేతకాక కాదు, ఆ వరసలో వేరే చెయ్యి పడితే గోడ పాడవుతుందని. తర్వాత చెల్లెలి వంతు వచ్చింది. ఆ ఏడాది చివరికి ఆవిడ దిగిపోవాలి. పాత విద్యార్థులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, ఫోన్లు చేసుకున్నారు. ఆవిడ పేరున ఒక నిధి పెట్టాలని తీర్మానించుకున్నారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు పంపారు, ఇంకా కుదురుకోని కుర్రవాళ్లు పంపారు. లెక్కల్లో తప్పి చదువు మానేసి బస్సు నడుపుతున్న ఒకాయన స్వయంగా వచ్చి ఆఫీసులో ఇచ్చి వెళ్లాడు.

వడ్డీ ఎవరికి ఇవ్వాలన్న దగ్గర కొంచెం గొడవ జరిగింది. అన్ని నిధులూ మొదటి ర్యాంకు వాళ్లకే కదా, ఇదీ అంతే అన్నారు సమావేశంలో. ప్రొఫెసరమ్మ ఒప్పుకోలేదు.

“మొదటి ర్యాంకు వచ్చినవాడికి మొదటి ర్యాంకు వచ్చింది కదండీ. ఇంకేం కావాలి? ఒకసారి తప్పి, సిగ్గు చంపుకుని మళ్లీ రాయడానికి వస్తారు చూడండి, వాళ్లకివ్వండి.”

“తప్పినవాళ్లకి బహుమతా?” అన్నారట ఎవరో.

“బహుమతి కాదు. ఫీజు” అందిట.

ఇది వినగానే మేస్త్రి పొంగిపోయాడు కానీ బయటపడలేదు. “తప్పినవాళ్లని పిలిచి డబ్బులిచ్చేది లోకంలో ఇదొక్కతే” అని సణిగాడు. ఆ సాయంత్రమే ఇంటి అటక మీద నుంచి ఒక టేకు పలక దింపాడు. ఎప్పుడో పాత కట్టడం ఒకటి పడగొట్టినప్పుడు దూలంలోంచి కోయించుకుని, ఇన్నేళ్లూ పాత దుప్పటి చుట్టి దాచుకున్నది. చేవ తప్ప ఇంకేం లేదు అందులో. గోరుతో తడితే గంటలా పలికేది.

“డబ్బులు వేసేవాళ్లు వేస్తున్నారు. నేను చెక్క వేస్తాను” అన్నాడు. చెల్లెలితో మాత్రం ఇంకోలా అన్నాడు: “నేను దిగిపోయిన రోజు నాకు గోడ గడియారం ఇచ్చి పంపారు. నీకు గోడే రాసిస్తున్నారు. చదువుకున్నవాళ్ల వైభోగం వేరు.”

అంతకంటే పెద్ద సంబరం ఆయన ఇంటి వెనక నడుస్తోంది. ఉద్యోగం అయిపోతే క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. చెల్లెలు తనింటికే వస్తుంది. అందుకని పెరటి వైపు ఒక గది కడుతున్నాడు. గోడలు తాపీమేస్త్రి కట్టినా తలుపు, కిటికీ, పుస్తకాల అరలు తనవే. ఆవిణ్ణి పిలిచి, గోడ ఇంకా లేవని ఆ చోట కుర్చీ వేసి కూర్చోబెట్టి, కూర్చుంటే కళ్లు ఎక్కడికి వస్తాయో కొలిచి కిటికీ ఎత్తు గుర్తు పెట్టుకున్నాడు. “పెళ్లైన కొత్తలో కూడా ఈయన ఇంత హుషారుగా లేడు” అంది ఆయన భార్య నాతో. ఆవిడకూ సంతోషమే. వదినా మరదళ్లిద్దరూ ఒకరినొకరు దెప్పుకోకుండా పూట గడవని మనుషులు.

అప్పుడొచ్చాడు ఆఫీసు సూపరింటెండెంటు. మామూలుగా కబురు పంపే మనిషి, తనే రావడం వింత. పొట్టు అంటకుండా ప్యాంటు కొంచెం ఎత్తి పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మేస్త్రీ, పలక మాటలు ఎప్పటిలాగే. పైన పేరు, కింద స్మారక నిధి.”

మేస్త్రి తల ఎత్తలేదు. “ఎవరికి?”

“మీ చెల్లెలు గారికే.”

“ఆవిడ పొద్దున మా ఇంట్లో టీ తాగి, పంచదార తక్కువైందని మా ఆవిడతో పేచీ పెట్టుకుని వెళ్లింది. ఆవిడకి స్మారకం ఏంటండీ?”

నేను గట్టిగానే నవ్వాను. సూపరింటెండెంటు నవ్వలేదు.

“మీ తప్పు కాదులెండి” అన్నాడు మేస్త్రి. “ఇన్నేళ్లూ పోయినవాళ్లకే చేయించారు. నాలిక అటే తిరుగుతుంది. ఇది గౌరవ నిధి. గౌరవ. ఒకసారి అనండి, అలవాటవుతుంది.”

“నాకు చెప్పమన్నది చెప్పాను మేస్త్రీ.”

“ఎవరు చెప్పమన్నారు?”

ఆయన నేల వైపు చూశాడు. “ఆ మొదటి మాట ఒక్కటి ఆపండి. మిగతాది చెక్కెయ్యండి. నేను కనుక్కుని చెప్తాను.”

“ఏం కనుక్కుంటారు? ఉందో లేదోననా?”

సూపరింటెండెంటు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ప్యాంటు కింద జారి పొట్టు మీద ఈడ్చుకుంటూ వెళ్లింది, చూసుకోలేదు. మేమిద్దరం ఆ రోజంతా ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాం. అది నిజంగా ఆఫీసువాళ్లు చేసే పొరపాటే. బతికున్న మనిషి పేరున నిధి పెట్టడం అక్కడ అదే మొదలు. రబ్బరు స్టాంపులాగా వాళ్లకు వచ్చింది ఒకటే మాట.

మేస్త్రి పేరు చెక్కాడు. ఇంతకుముందు ఏ పేరుకూ అంత సమయం తీసుకోలేదు. తర్వాత కింది వరసలో ‘నిధి’ చెక్కాడు. దానికి ముందు చోటు వదిలి, అందులో పెన్సిలుతో ‘గౌరవ’ అని గీసుకున్నాడు. ఆఫీసు నుంచి కబురు రాలేదు.

క్వార్టర్సులో ఉన్న పుస్తకాల బీరువాలు కొలవాలి, కొత్త గదిలో అరలు దానికి తగ్గట్టు పెట్టాలని ఒకరోజు నన్ను తోడు తీసుకుని చెల్లెలి ఇంటికి వెళ్లాడు. ఆవిడ నీరసంగా ఉంది. పరీక్ష పేపర్లు దిద్ది అలిసిపోయిందనుకున్నాం. మాకు మంచినీళ్లు ఇచ్చి తను కుర్చీలో కూర్చుంది. మేస్త్రి టేపు లాగుతూ సూపరింటెండెంటు కథ మొదలుపెట్టాడు. ఆయన ప్యాంటు ఎత్తి పట్టుకోవడం దగ్గర నుంచీ నటించి చూపించాడు. ఆవిడ చిన్నగా నవ్వుతూనే వింది. అంతా అయ్యాక అడిగింది:

“ఒత్తుకి చోటు వదిలావా?”

“ఏ ఒత్తు?”

“ఆ మాట కింద.”

“గౌరవకి ఒత్తు ఎక్కడిదే పిట్టా? లెక్కలు చెప్పీ చెప్పీ అక్షరాలు మర్చిపోయావా?”

“స్మారకకి ఉంటుంది.”

మేస్త్రి ఇంకా నవ్వు ముఖంతోనే ఉన్నాడు. ఆవిడ నవ్వడం మానేసింది.

“ఆయనకి చెప్పమన్నది నేనే అన్నయ్యా. పాపం, ఆయన్నేం అనకు.”

మేస్త్రి చేతిలోంచి వదులైన టేపు సర్రున లోపలికి చుట్టుకుపోయింది. నేను బయటికి వెళ్లాలో ఉండాలో తెలియక, పుస్తకాలు సర్దుతున్నట్టు బీరువా వైపు తిరిగి నిలబడ్డాను. ఆవిడ క్లాసులో లెక్క చెప్పినట్టే చెప్పింది, మెట్టు మెట్టుగా. లోపల గడ్డ ఉంది. కొయ్యడానికి వీల్లేని చోట ఉంది. మందులతో కొంచెం వెనక్కి నెట్టవచ్చునన్నారు, అదీ ఖాయంగా చెప్పలేదు.

మేస్త్రి టేపు బీరువా మీద పెట్టాడు. “ఎప్పటి నుంచి తెలుసు?”

“నువ్వు గదికి పునాది తీసినప్పటి నుంచి.”

“మరి అప్పుడే చెప్పాలి కదా.”

“చెబుదామనే వచ్చాను ఆ రోజు. నువ్వు కుర్చీ వేసి కూర్చోబెట్టి కిటికీ ఎత్తు కొలిచావు. ఎలా చెప్పను?”

“ఆఫీసుకి చెప్పావు.”

“ఆఫీసుకి చెప్పడం తేలిక. వాళ్లు రాసుకుంటారు, అంతే.”

ఆయన కింద కూర్చుండిపోయాడు. చెల్లెలు కుర్చీలో, అన్న నేల మీద. ఆవిడ మెల్లగా మళ్లీ అందుకుంది. “నేను పోయాక చెక్కమంటే నీ చెయ్యి వణుకుతుంది. నాకు తెలుసు. అప్పుడు ఇంకెవరో వచ్చి రంగుతో రాసి పోతారు. పేరు నీ అక్షరాల్లో ఉండి, కింద మాట ఇంకొకరిదా? వద్దు. నేనున్నప్పుడే పూర్తి చెయ్యి.”

“ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నదానికి స్మారకం అని చెక్కనా? అబద్ధం కాదా అది?”

“గౌరవ అని చెక్కితే కొన్నాళ్లకి అదీ సరిపోదు.”

“సరిపోయినన్నాళ్లు ఉండనీ.”

“తర్వాత? రాసింది చెరపొచ్చు, చెక్కింది చెరపలేమని నాకు చెప్పింది నువ్వే.”

బీరువాలు కొలవకుండానే తిరిగి వచ్చేశాం. దారంతా ఆయన సైకిలు నడిపించుకుంటూనే వచ్చాడు, ఎక్కలేదు.

మర్నాడు ఆయన భార్య క్వార్టర్సుకు వెళ్లింది. ఆ సంగతి తర్వాత ఆవిడే నాకు చెప్పింది. గుమ్మంలో నిలబడే అరిచిందట: “ఊరందరికీ చెప్పి నాకు చెప్పలేదు. పంచదార తక్కువైందని పేచీ పెట్టడానికి నోరొచ్చింది, ఇది చెప్పడానికి రాలేదా?” మరదలు తాపీగా అందిట, “పంచదార తక్కువైన మాట నిజమే వదినా.” ఇద్దరూ అక్కడే ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారట.

మేస్త్రి వర్క్‌షాపుకు రావడం మానేశాడు. ఆయన బలమంతా గది మీద పడింది. కిటికీ రెక్కలు బిగించాడు, అరలు బిగించాడు, చిత్రిక పట్టిన తలుపుకే మళ్లీ పట్టాడు. మందులు పని చెయ్యాలంటే గది తయారు కావాలన్నట్టు చేశాడు. పలక నా బల్ల మీదే ఉంది, పెన్సిలు గీతలతో. దాని మీద గుడ్డ కప్పి ఉంచాను.

ఒక మధ్యాహ్నం ప్రొఫెసరమ్మ తనే వర్క్‌షాపుకు వచ్చింది. వెనక మేస్త్రి. ఆవిడే లాక్కొచ్చిందని చూస్తేనే తెలుస్తోంది. చీర కొంగుతో బల్ల చివర దులుపుకుని, ఎప్పటి చోటులోనే ఎక్కి కూర్చుంది. ఎక్కడానికి నేను చెయ్యి అందించాల్సి వచ్చింది.

“కానియ్యి” అంది.

“నువ్వింటికి పో. నేను చేస్తాను.”

“చెయ్యవు. నేను చూస్తుంటేనే చేస్తావు.”

“నీ ముందు నా వల్ల కాదే.”

“నా ముందు కాకపోతే నా వెనక అసలే కాదు. పాలిషూ, ఆ గుడ్డ తియ్యి.”

తీశాను. ఆవిడ తన పేరు మీద వేలితో రాసింది, ఒక్కో వంపునూ. “బాగా కుదిరింది” అంది. మేస్త్రి పెన్సిలు మాటను గరుకు కాగితంతో రుద్దేశాడు. కొత్తగా గీశాడు. ఉలి తీసుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడనుకున్నాను, లేదు. ముఖం రాయిలా ఉంది. ఆవిడ మాత్రం ఏవేవో కబుర్లు చెబుతూనే ఉంది. చిన్నప్పుడు ఇదే బల్ల మీద నిద్రపోయి పొట్టు బుట్టలో పడిపోవడం, అందులోనే నిద్ర సాగించడం, ఆయన షెడ్డంతా వెతుక్కోవడం.

“నువ్వు ఏడ్చావు కూడా ఆ రోజు” అంది.

“చెమట అది.”

స చెక్కాడు, దాని దీర్ఘం చెక్కాడు, ర చెక్కాడు, క చెక్కాడు. వంపు తిరిగిన చోటల్లా బల్ల చుట్టూ నడిచి ఆవిడ పక్కకు వచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చి. ఇక స కింద ఒత్తు ఒక్కటే మిగిలింది. అక్కడ ఉలి కింద పెట్టేశాడు.

“ఒత్తు ఒక్కటీ నాకు వదిలెయ్యవే.”

ఆవిడ వంగి పైకే చదివింది. “సారక నిధి. ఎవరికి అర్థమవుతుంది ఇది?”

“ఎవరికీ కాదు. తప్పు మాటను గోడకి పెట్టరు.”

“అయితే?”

“గోడకి పెట్టేదాకా నువ్వుంటావు.”

షెడ్డు రేకుల మీద పిట్టల కాళ్ల చప్పుడు వినిపించింది. ఆవిడ అన్న ముఖం చూస్తూ కూర్చుంది. ఆ లెక్క తప్పు అని ఆవిడకు తెలుసు. అయినా దిద్దలేదు.

“సరే” అంది. “కానీ నువ్వే పెట్టాలి. వంకర రాకూడదు.”

వీడ్కోలు సభ నాడు వేదిక మీద పలక లేదు. పాలిష్ ఆరలేదని సూపరింటెండెంటు మైకులో చెప్పాడు. జనమంతా నా వైపు తిరిగి చూశారు. నా పాలిష్ ఎన్నడూ అంత ఆలస్యం చెయ్యలేదు, కానీ ఊరుకున్నాను. ఉపన్యాసాలు చాలా జరిగాయి. అన్నిటికంటే పొట్టిది బస్సు నడిపే ఆయనది. డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు.

“మేడమ్, నేను మీ దగ్గర రెండుసార్లు తప్పాను” అన్నాడు. అంతే, దిగిపోయాడు.

ఆవిడ తన కుర్చీలోంచే అంది, “మూడోసారి రాకుండా పారిపోయావు. నా కోపమంతా దానికే.”

అందరూ నవ్వారు. ఆయన నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మేస్త్రి చివరి వరసలో, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆ తర్వాత ఆవిడ కొత్త గదిలోకి వచ్చింది. కుర్చీలో కూర్చుంటే కిటికీ సరిగ్గా కళ్ల ఎత్తుకే వచ్చింది. కొన్నాళ్లు కూర్చుంది కూడా. తర్వాత కూర్చునే ఓపిక పోయింది, పడుకుంటే కిటికీలో ఆకాశం తప్ప ఏమీ కనిపించేది కాదు. మేస్త్రి మంచం కింద దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచాడు. ఇంకా పెంచాడు. ఆయన భార్య టీలో పంచదార ఎక్కువ వేసి ఇచ్చేది, మరదలు ఒక గుక్క తాగి బాగుందనేది. “బాగుందంటోంది పాలిషూ” అని ఆవిడ నా దగ్గర చెప్పుకుని ఏడ్చింది. “ఇన్నేళ్లలో ఒక్కనాడూ నా టీ బాగుందనలేదు.”

వానలు పట్టకముందే ప్రొఫెసరమ్మ పోయింది.

పలక వర్క్‌షాపులోనే ఉండిపోయింది. మేస్త్రి అటు రాలేదు. ఒకరోజు సూపరింటెండెంటు ఆయన ఇంటికి వెళ్లాడు, నన్నూ రమ్మన్నాడు. ఈసారి ఆయన ప్యాంటు సంగతి చూసుకోకుండా అరుగు మీద మేస్త్రి పక్కనే కూర్చున్నాడు.

“నిధిలోంచి మొదటి ఫీజు కట్టాల్సిన అమ్మాయి వచ్చింది మేస్త్రీ. ఒకసారి తప్పింది, మళ్లీ రాస్తుందట. పలక లేకపోయినా ఇచ్చేస్తాం. మీకు చెబుదామని వచ్చాను, తొందరపెట్టడానికి కాదు.”

మేస్త్రి తల ఊపాడు. ఆయన భార్య గుమ్మంలోంచి అంది, “మీ చెల్లెలు మనల్ని అడిగింది ఆ ఒక్కటే కదండీ.”

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. రాగానే పలక బల్లకు బిగించాడు. అన్నిటికంటే చిన్న వంపు ఉలి తీసి చాలాసేపు నూరాడు. ఒత్తు గీసుకున్నాడు. చెయ్యి వణుకుతుందని ఆవిడ అన్న మాట నా మనసులో ఉంది కాబట్టి నేను ఆయన చెయ్యే చూస్తున్నాను. అవసరమైతే పట్టుకుందామని దగ్గరగా నిలబడ్డాను కూడా.

ఉలి దిగింది. నార ఎదురొచ్చిన చోట ఎత్తి, బల్ల చుట్టూ నడిచి అవతలి నుంచి వచ్చాడు. బల్ల చివర ఖాళీగా ఉన్న చోటును తగలకుండా, ఎవరో కూర్చుని ఉన్నట్టు కొంచెం పక్కకు జరిగి నడిచాడు. మళ్లీ ఉలి దిగింది. ఒక మెలిక, ఒక తోక. అయిపోయింది. నోటితో ఊది పొడి పోగొట్టి వేలితో తడిమి చూశాడు. ఆ పలక మీద అంత శుభ్రంగా వచ్చిన గీత ఇంకొకటి లేదు.

ఉలి పెట్టేసి, తన కుడి చేతిని ముందుకు చాపి చూసుకున్నాడు.

“చూశావా పాలిషూ?”

“బాగా వచ్చింది మేస్త్రీ.”

“వణకలేదురా.”

నేను ఉలి తీసి గుడ్డతో తుడిచాను.

“అది ఖాయంగా చెప్పింది వణుకుతుందని. దాని లెక్క ఎప్పుడూ తప్పదు. నేను ఇన్నాళ్లూ దానికి భయపడే రాలేదు. ఒక్కసారైనా వణకలేదు చూడు.” చెయ్యి తిప్పి చూసుకున్నాడు. “చెల్లెలు పోతే వణకని చెయ్యి, ఏం చెయ్యిరా ఇది?”

ఎన్ని ఏళ్ల పని ఆ చేతిలో ఉందో చెబుదామనుకున్నాను. చెయ్యి వేరు, మనిషి వేరు అని చెబుదామనుకున్నాను. ఏదీ పనికొచ్చే మాట కాదు. ఆయన ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఊపాడు, నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు. వదిలేసి చూశాడు. చెయ్యి గాలిలో తిన్నగా నిలబడింది.